చేతిలోని డిస్కు, బల్లమీది కంప్యూటర్

ఆట యంత్రాన్ని అమ్మి చదువుకు పనికొచ్చే కంప్యూటర్ కొనుక్కునే దారి నాలుగు దశాబ్దాలుగా తెరిచే ఉంది. డిస్కు లేని ఆటలు పెరుగుతున్నకొద్దీ ఆ దారి ఇరుకవుతోంది.

వీడియో గేమ్ యంత్రాన్ని, దానితో పాటు ఏళ్ల తరబడి పోగైన డిస్కులను, కంట్రోలర్లను అమ్మి, వచ్చిన సొమ్ముకు ఇంట్లోవాళ్లు ఇచ్చినది కలిపి కంప్యూటర్ కొనుక్కోవడం పైకి చిన్న ఇంటి వ్యవహారంలాగే కనిపిస్తుంది గాని, డబ్బిచ్చి కొన్న వస్తువు మీద కొన్నవాడికి ఉండే హక్కు ఎంతదాకా అనే పెద్ద ప్రశ్న దాని వెనుక దాగి ఉంది. హైస్కూలు రోజుల్లో కొనిపెట్టిన ఆట యంత్రం, పిల్లవాడు ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరేనాటికి, కొత్త కంప్యూటర్‌కు తొలి పెట్టుబడిగా అక్కరకు రావడం మధ్యతరగతి కుటుంబాలకు తెలిసిన వెసులుబాటే. అయితే ఆ విలువ ప్లాస్టిక్ పెట్టెలోనో లోపలి చిప్పుల్లోనో మాత్రమే లేదు; వాడుకున్న తర్వాత దాన్ని మరొకరి చేతికిచ్చి డబ్బు తీసుకోవచ్చుననే స్వేచ్ఛలో ఉంది. డిస్కు రూపంలో కొన్న ఆటకు ఆ స్వేచ్ఛ ఉంది. ఇంటర్నెట్ ద్వారా నేరుగా యంత్రంలోకి దించుకున్న ఆటకు, అంతే ధర పెట్టినా, లేదు. పాత సామాను అమ్మి కొత్తది కొనాలనుకునే ప్రతి కుటుంబమూ ముందుగా గ్రహించవలసిన తేడా ఇదే.

కన్సోల్ అని వ్యవహరించే ఆట యంత్రం నిజానికి కంప్యూటరే. ప్రాసెసర్, మెమరీ, బొమ్మలను గీసే గ్రాఫిక్స్ చిప్, సమాచారాన్ని దాచే నిల్వ భాగం అన్నీ అందులో ఉంటాయి. లేనిదల్లా యజమాని తనకు నచ్చిన ప్రోగ్రామును అందులో నడిపించుకునే వీలు, ఎందుకంటే ఆ తాళంచెవి తయారీ సంస్థ దగ్గరే ఉండిపోతుంది. సోనీ సంస్థ 2006లో విడుదల చేసిన ప్లేస్టేషన్ 3లో మొదట లినక్స్ వంటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించుకునే సదుపాయం ఉండేది. దాన్ని ఆసరా చేసుకొని అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,700కు పైగా ప్లేస్టేషన్ 3 యంత్రాలను ఒకదానికొకటి కలిపి, కాండర్ క్లస్టర్ అనే సూపర్ కంప్యూటర్‌ను 2010లో నిర్మించింది. అదే సంవత్సరం ఏప్రిల్ 1న వెలువడిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సోనీ ఆ సదుపాయాన్ని తీసివేసింది. ఈ దృష్టితో చూసినప్పుడు ఆట యంత్రాన్ని అమ్మి కంప్యూటర్ కొనడమంటే, తాళం వేసిన కంప్యూటర్‌ను ఇచ్చి తాళం లేని కంప్యూటర్‌ను తెచ్చుకోవడమే.

వంద డాలర్ల ఎక్స్ఛేంజ్

ఉన్న వస్తువును అమ్మి కంప్యూటర్‌ను సమకూర్చుకోవడం వ్యక్తిగత కంప్యూటర్ చరిత్ర పుట్టుకతోనే ముడిపడి ఉంది. 1976లో ఆపిల్ సంస్థ కంప్యూటర్ అయిన ఆపిల్-1 సర్క్యూట్ బోర్డుల తయారీకి కావలసిన డబ్బు కోసం ఆ సంస్థ స్థాపకులు స్టీవ్ వోజ్నియాక్ తన హెచ్‌పీ-65 కాలిక్యులేటర్‌ను, స్టీవ్ జాబ్స్ తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ను అమ్మకానికి పెట్టారు. అటారీ సంస్థ ఆట అయిన బ్రేకౌట్‌కు సర్క్యూట్ రూపొందించిన అనుభవం అప్పటికే వోజ్నియాక్‌కు ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ఆపిల్-2లో రంగులు, శబ్దం, ఆట ఆడేందుకు తిప్పుడు మీట వంటివి చేరడానికి, అదే ఆటను బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఆడాలన్న తన కోరిక కారణమని ఆయన తర్వాత వివరించాడు. ఆటా కంప్యూటరూ వేరు వేరు లోకాలని, ఒకటి వ్యసనం మరొకటి విద్య అని పెద్దలు గీసే గీత ఆ తొలినాళ్లలో ఎక్కడా కనిపించదు.

ఆట యంత్రాన్ని ఇచ్చి కంప్యూటర్ పుచ్చుకోవడాన్ని ఒక వ్యాపార పథకంగా మార్చినది కామడోర్ సంస్థ. దాని వ్యవస్థాపకుడు జాక్ ట్రామియెల్ పోలెండులో పుట్టి, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడి అమెరికా చేరిన వ్యక్తి. చిప్పులు తయారుచేసే మాస్ టెక్నాలజీ సంస్థను 1976లోనే కొని తన సంస్థలో కలుపుకోవడం వల్ల, పోటీదారులు బయట కొనుక్కునే భాగాలను ఆయన సొంత కర్మాగారంలో తక్కువ ఖర్చుకు చేయించుకోగలిగాడు. 1982 ఆగస్టులో 595 డాలర్లకు అమ్మకానికి వచ్చిన కామడోర్ 64 ధర ఏడాది తిరిగేసరికి సగానికి పైగా తగ్గిపోవడానికి కారణం ఇదే. 1983 జనవరిలో ఆ సంస్థ మరో అడుగు ముందుకు వేసి, ఏ ఇతర సంస్థ తయారుచేసిన ఆట యంత్రాన్నయినా, కంప్యూటర్‌నయినా పంపించి కామడోర్ 64 కొన్నవారికి 100 డాలర్లు తిరిగి ఇస్తామని ప్రకటించింది. పాత ప్రెషర్ కుక్కర్, పాత టీవీ తెచ్చి కొత్తది పట్టుకెళ్లమని మన పట్టణాల్లో పండుగల ముందు దుకాణాలు పెట్టే ఎక్స్ఛేంజ్ మేళాకు ఇది అమెరికా రూపమనుకోవచ్చు. అంతకుముందు తమ చిన్న కంప్యూటర్ విక్-20 కోసం కామడోర్ వేయించిన ప్రకటనల్లో స్టార్ ట్రెక్ నటుడు విలియమ్ షాట్నర్ కనిపించి, ఒట్టి ఆట యంత్రం ఎందుకు, ఆటలతో పాటు చదువుకూ పనికొచ్చేది కొనవచ్చుగదా అన్న ధోరణిలో తల్లిదండ్రులకు నచ్చజెప్పేవాడు. ఆ మాటకు ఎక్స్ఛేంజ్ సొమ్ము తోడయ్యేసరికి పెద్దల చెయ్యి జేబులోకి పోవడం సులువైంది.

ఆ పథకంలోని ఒక విచిత్రం ఆర్థికశాస్త్ర విద్యార్థులు గుర్తుపెట్టుకోదగినది. టైమెక్స్ సింక్లెయిర్ 1000 అనే చిన్న కంప్యూటర్ ధర అప్పటికే బాగా పడిపోయి ఉండటంతో, కొందరు వ్యాపారులు కామడోర్ 64తో పాటు దాన్ని 10 డాలర్లకే జోడించి అమ్మారు. కొన్నవారు దాన్ని అలాగే కామడోర్‌కు పంపి 100 డాలర్లు రాబట్టుకొని, మిగిలిన తేడా జేబులో వేసుకున్నారు. పాత వస్తువుకు మార్కెట్ కట్టే ధర వేరు, కొత్త వస్తువును అమ్ముకోవడానికి తయారీదారు ఇచ్చే ధర వేరు అన్న సంగతి ఇక్కడ తేటతెల్లమవుతుంది. టైమెక్స్ ఏడాది తిరిగేసరికి ఆ రంగం నుంచి తప్పుకుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1983 అక్టోబరులోనే ఇంటి కంప్యూటర్ల తయారీ మానేస్తున్నట్లు ప్రకటించింది.

అదే కాలంలో అమెరికాలో వీడియో గేమ్ పరిశ్రమ కుప్పకూలింది. నాసిరకం ఆటలు వెల్లువెత్తడం, దుకాణాల్లో సరుకు పేరుకుపోవడం, కంప్యూటర్లు చవకవడం కలిసి ఆ పతనానికి దారితీశాయి. అమ్ముడుపోని, తిరిగివచ్చిన ఆట క్యాసెట్లను అటారీ 1983 సెప్టెంబరులో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో పట్టణ చెత్తగుంటలో పూడ్చిపెట్టింది. 2014 ఏప్రిల్‌లో తవ్వి బయటకు తీసిన వాటిలో కొన్నింటిని ఆ పట్టణ పాలకసంస్థ వేలం వేయగా లక్ష డాలర్లకు పైగా వచ్చాయి. అరుదైన వస్తువులకు సేకరించేవారు పెట్టే ఇటువంటి ధరలను చూసి, అటకమీది పాత పెట్టెలో నిధి ఉందని భ్రమపడటం మాత్రం పొరపాటు. లక్షల సంఖ్యలో అచ్చయిన డిస్కుకు ఆడాలనుకునే మనిషి ఉన్నంతకాలమే ధర ఉంటుంది.

క్యాసెట్ల నుంచి డిస్కుల దాకా

తెలుగు పట్టణాల్లో వీడియో గేమ్ అనే మాట 1990లలో టీవీకి తగిలించే చవక యంత్రాలతో స్థిరపడింది. సామురాయ్, మీడియా వంటి పేర్లతో దొరికిన ఆ యంత్రాలు జపాన్ సంస్థ నింటెండో రూపొందించిన ఫ్యామికామ్ నమూనా మీద తయారైనవి. వాటిలో గుచ్చే ఆట పెట్టెలను అందరూ క్యాసెట్లనే అనేవారు. ఆడి విసుగెత్తిన క్యాసెట్‌ను దుకాణంలో ఇచ్చి, పైన కొంత సొమ్ము వేసి మరోటి తెచ్చుకోవడం అప్పటి పిల్లలకు మారుబేరంలో తొలి పాఠం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంట్ల మీద, విజయవాడ లెనిన్ సెంటర్‌లోని కొట్లలో, నిరుటి పాఠ్యపుస్తకం అమ్మి ఈ ఏటి పుస్తకం కొనుక్కునే అలవాటు ఉన్న సమాజానికి ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. చదివిన పుస్తకానికి మరో పాఠకుడు ఉన్నట్లే, ఆడిన ఆటకు మరో ఆటగాడు ఉంటాడన్న ఎరుక అందులో ఉంది.

2000లో జపాన్‌లో విడుదలై, ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడైన ప్లేస్టేషన్ 2తో డిస్కుల మీది ఆటలు ఇక్కడ విస్తరించాయి. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ఆ యంత్రం కోసమే వెలువడింది, పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా అది చరిత్రకెక్కింది. అదే కాలంలో ‘చిప్ వేసిన’ యంత్రాలూ వ్యాపించాయి. చిప్ వేయడమంటే, డిస్కు అసలైనదా కాదా అని యంత్రం చేసే తనిఖీని ఏమార్చే చిన్న సర్క్యూట్‌ను లోపల అతికించడం. దానివల్ల దొంగ ప్రతులు కొన్ని పదుల రూపాయలకే దొరికాయి గాని, వాటికి తిరిగి అమ్ముకునే విలువ ఏనాడూ లేదు, అమ్మడం కాపీరైట్ చట్టం ప్రకారం నేరం కూడా. అసలు డిస్కుకు ఎక్కువ పెట్టినవారు అమ్మేనాడు ఆ సొమ్ములో మంచి భాగాన్ని రాబట్టుకున్నారు. దొంగ ప్రతులు పోగుచేసినవారికి మిగిలింది ప్లాస్టిక్ చెత్త.

ప్లేస్టేషన్ 4 మన దేశంలో 2014 జనవరిలో 39,990 రూపాయలకు, ప్లేస్టేషన్ 5 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు అమ్మకానికి వచ్చాయి. ప్లేస్టేషన్ 5కు డిస్కు పెట్టే అర లేని డిజిటల్ ఎడిషన్ కూడా ఉంది. విడుదలనాటి దాని ధర 39,990 రూపాయలు. పది వేలు ఆదా అయినట్లు కనిపించే ఈ లెక్కను కొంచెం విడదీసి చూడాలి. ఆ యంత్రానికి వచ్చిన పెద్ద ఆటల కొత్త డిస్కు ధర 4,999 రూపాయలుగా ఉండేది. అటువంటివి నాలుగు కొని, ఆడి, సగం ధరకు అమ్మినా దాదాపు పది వేలు చేతికి వస్తాయి. డిజిటల్ ఎడిషన్ కొన్నవారికి ఆ నాలుగు ఆటల నుంచీ రూపాయి రాదు. అంటే, ముందు ఎక్కువగా పెట్టిన పది వేలు నాలుగు ఆటలతో తిరిగి వచ్చేస్తాయి, అయిదో ఆట నుంచి వచ్చేదంతా మిగులే.

ధర ఎక్కడ పుడుతుంది

పాత ఆట సామానుకు ధర కట్టేటప్పుడు కొనుగోలుదారు చూసేవి కొన్నే, అయితే వాటిలో ప్రతి ఒక్కటీ వందల్లోనో వేలల్లోనో తేడా తెస్తుంది. కన్సోల్ లోపలి భాగాలు ఒక తరం పొడుగునా, అంటే దాదాపు ఆరేడేళ్లపాటు, పెద్దగా మారవు. ప్లేస్టేషన్ 4కూ 5కూ మధ్య ఎడం సుమారు ఏడేళ్లు. అందువల్ల ఏటా కొత్త మోడల్ వచ్చే ఫోనులా ఆట యంత్రం విలువ వేగంగా పడిపోదు. తర్వాతి తరం ప్రకటన వెలువడినప్పుడు, తయారీదారు ధర తగ్గించినప్పుడు మాత్రం అది ఒక్కసారిగా దిగుతుంది. కాబట్టి అమ్మాలని ఒకసారి నిర్ణయించుకున్నాక ఆలస్యం చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. వారంటీ ఇంకా మిగిలి ఉండగా, బిల్లు, అట్టపెట్టె, అసలు కేబుళ్లతో అమ్మిన యంత్రానికి వచ్చే ధర విడి యంత్రానికి రాదు. బిల్లు ధరను పెంచడంతో ఆగదు, ఆ వస్తువు దొంగసొత్తు కాదన్న రుజువు కూడా అదే. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం గనుక జాగ్రత్తగల కొనుగోలుదారు దాన్ని తప్పకుండా అడుగుతాడు.

యంత్రంలో మొదట పరీక్షించేది డిస్కును సాఫీగా చదువుతోందా అన్నది. తర్వాత టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టు వదులైందా, ఫ్యాన్ మోత పెడుతోందా అని చూస్తారు. మోతకు చాలావరకు లోపల పేరుకున్న దుమ్మే కారణం, దాన్ని శుభ్రం చేయించి అమ్మడానికి అయ్యే ఖర్చు ధరలో తిరిగి వస్తుంది. కంట్రోలర్ విషయంలో అందరూ భయపడేది డ్రిఫ్ట్. బొటనవేలితో కదిపే పుల్ల కింద పొటెన్షియోమీటర్ అనే భాగం ఉంటుంది. కార్బన్ పూత మీద లోహపు ముల్లు రాసుకుంటూ కదిలినప్పుడు మారే విద్యుత్ నిరోధాన్ని బట్టి పుల్ల ఎటు వంగిందో యంత్రం తెలుసుకుంటుంది. చాలాకాలం ఆడిన తర్వాత ఆ పూత అరిగిపోయి, చెయ్యి తగలకపోయినా బొమ్మ తనంతట తాను పక్కకు నడవడమే డ్రిఫ్ట్. చిప్ లెవెల్ సర్వీసింగ్ తెలిసిన మెకానిక్ ఆ భాగాన్ని మార్చగలడు. మార్చకుండా, చెప్పకుండా అమ్మడం మోసం. తయారీ సంస్థ నెట్‌వర్క్ నుంచి నిషేధానికి గురైన యంత్రాన్ని ఆ సంగతి దాచి అంటగట్టడమూ అంతే.

డిస్కులన్నిటికీ ఒకే తీరు ధర రాదు. కథ ఉన్న, ఒంటరిగా ఆడుకోగల ఆటలు చాలాకాలం విలువ నిలుపుకుంటాయి. ఏటేటా కొత్త సంచిక వచ్చే ఫుట్‌బాల్ వంటి క్రీడల ఆటలకు, మరుసటి సంచిక రాగానే నిరుటి పంచాంగానికి ఉన్నంత విలువే మిగులుతుంది. ఇంటర్నెట్ సర్వర్ మీదే ఆధారపడిన ఆటల సంగతి మరీ దయనీయం: యూబీసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపివేయగానే, దుకాణంలో డబ్బిచ్చి కొన్న డిస్కు కూడా ఎందుకూ కొరగాకుండా పోయింది. ప్లేస్టేషన్ 4 డిస్కుల్లో అత్యధిక భాగం ప్లేస్టేషన్ 5లోనూ నడుస్తాయి కాబట్టి, యంత్రం పాతబడినా వాటికి గిరాకీ చావలేదు. అన్నీ ఒకే మూటగా అమ్మితే పని త్వరగా తెములుతుంది, విడివిడిగా అమ్మితే సొమ్ము ఎక్కువ వస్తుంది. కాలేజీ తెరిచేందుకు నెల రోజుల గడువున్నవారు రెండో పద్ధతిని ఎంచుకోవడం మేలు.

అమ్మే ముందు చేయవలసినవి రెండున్నాయి. మొదటిది ఆటలో సాధించిన ప్రగతిని, అంటే సేవ్ ఫైళ్లను భద్రపరచుకోవడం. ప్లేస్టేషన్ 4 ఆటలవి యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు గాని, ప్లేస్టేషన్ 5 ఆటలవి అలా విడిగా తీసుకోలేరు, చందా కట్టే క్లౌడ్‌లో దాచుకోవచ్చు. రెండోది ఖాతాను యంత్రం నుంచి విడదీసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం. బ్యాంకు కార్డు వివరాలు ముడిపడి ఉన్న ఖాతాను అలాగే వదిలి యంత్రాన్ని అప్పగించడం ఇంటి తాళాలు అప్పగించడంతో సమానం.

దుకాణదారుకు అమ్మాలా, నేరుగా వాడుకునేవారికి అమ్మాలా అన్నదానికి జవాబు ఓపికను బట్టి ఉంటుంది. దుకాణదారు తక్కువ ఇవ్వడంలో అన్యాయమేమీ లేదు. అతను సరుకును నిలవ ఉంచాలి, చెడిపోతే బాధ్యత వహించాలి, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద జీఎస్టీ కట్టాలి. నేరుగా అమ్మితే వచ్చే ఎక్కువ సొమ్ముతో పాటు ప్రమాదమూ ఉంది. కొంటామని ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొట్టమనే మోసం దేశమంతటా సాగుతోంది. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు, కొట్టమన్నవాడు దొంగ. పొరపాటున మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

కొనే కంప్యూటర్

చేతికి వచ్చిన డబ్బు పట్టుకొని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అని పిలిచే సముదాయానికి వెళ్లేవారు ఒక నిజాన్ని ముందే మనసుకు తెలియజెప్పుకోవాలి. అదే స్థాయి ఆటను నడిపే కంప్యూటర్, కన్సోల్ కంటే ఖరీదైనది. తయారీ సంస్థలు కన్సోల్‌ను తక్కువ లాభానికి, ప్లేస్టేషన్ 3 తొలి రోజుల్లోలాగా ఒక్కోసారి నష్టానికి కూడా అమ్మి, ఆటల మీద వచ్చే రుసుముతో దాన్ని పూడ్చుకుంటాయి. కంప్యూటర్ విడిభాగాల వ్యాపారికి ఆ వెసులుబాటు లేదు. ఆట యంత్రం అమ్మిన సొమ్ముతో పూర్తి కంప్యూటర్ రావడం అరుదు, దానిలో సగభాగం రావడం ఆచరణలో సాధ్యం.

ఖర్చు తగ్గించుకునే చోట్లు ఉన్నాయి. ఆట యంత్రం నుంచి అన్నీ అమ్మేయనక్కర లేదు: ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ కంప్యూటర్‌కూ పనిచేస్తుంది, ఇంట్లోని టీవీ కొన్నాళ్లు మానిటర్‌గా ఉపయోగపడుతుంది, ప్లేస్టేషన్ 5లో అదనంగా బిగించిన ఎం.2 ఎస్‌ఎస్‌డీ అనే నిల్వ భాగాన్ని తీసి ఫార్మాట్ చేసి కొత్త మదర్‌బోర్డులో పెట్టుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ అనే విద్యుత్ సరఫరా పెట్టె దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు, అది కాలిపోతే పక్కనున్న ఖరీదైన భాగాలను వెంట తీసుకుపోతుంది. గ్రాఫిక్స్ కార్డును సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు దాని పూర్వచరిత్ర అడగాలి. ఎథీరియం అనే డిజిటల్ నాణేన్ని పుట్టించడానికి రాత్రింబవళ్లు తిప్పిన కార్డులు, 2022 సెప్టెంబరు 15న ఆ వ్యవస్థ పద్ధతి మార్చుకోవడంతో పని లేక పాత సామాను మార్కెట్‌లోకి వచ్చిపడ్డాయి. ఫ్యాన్లు అరిగిన అటువంటి కార్డును పది నిమిషాలు నడిపి చూస్తే లోపం బయటపడదు. పాత కంప్యూటర్ కొనేవారు ప్రాసెసర్ తరాన్ని చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను చాలావరకు అధికారికంగా అంగీకరించదు. కృత్రిమ మేధ కేంద్రాలు మెమరీ చిప్పులను పెద్దయెత్తున కొనుగోలు చేయడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కనుక, చవక అని తక్కువ ర్యామ్‌తో కొని తర్వాత చేర్చుకుందామనే పాత లెక్క ఇప్పుడు నమ్మదగినది కాదు.

అయినా ఈ మారకం విలువైనదే. బొమ్మలకు ప్రాణం పోసే బ్లెండర్, ఆటలను నిర్మించే గోడో వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి అంతర్జాతీయ ఆటల సంస్థకు హైదరాబాద్‌లోనే స్టూడియో ఉంది. ఆట ఆడటం తెలిసిన పిల్లవాడు ఆట ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి కావలసింది తాళం లేని యంత్రమే.

కొన్నది ఎవరిది?

వాడిన వస్తువును అమ్ముకునే హక్కు గాలిలో నుంచి పుట్టలేదు, దానికోసం న్యాయస్థానాల్లో పోరాటం జరిగింది. ఒక నవలను డాలరు కంటే తక్కువకు అమ్మకూడదని పుస్తకంలోనే అచ్చువేసిన ప్రచురణకర్త మాట చెల్లదని, ఒకసారి అమ్మిన ప్రతి మీద తర్వాతి ధరను శాసించే హక్కు అతనికి లేదని అమెరికా సుప్రీంకోర్టు 1908లో బాబ్స్-మెరిల్ కేసులో తేల్చింది. తొలి అమ్మకపు సూత్రం అని పేరుపొందిన ఆ న్యాయమే ఆటలకూ వర్తించింది. జపాన్‌లో గేమ్ నిర్మాణ సంస్థలు పాత ఆటల దుకాణాల మీద వేసిన దావాలో, ఒకసారి అమ్ముడైన ఆట ప్రతి మీద పంపిణీ హక్కు తీరిపోయినట్లేనని 2002 ఏప్రిల్ 25న ఆ దేశపు సుప్రీంకోర్టు దుకాణాల పక్షాన తీర్పు చెప్పింది. మన 1957 కాపీరైట్ చట్టంలో, కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రతిని అంతకుముందు ఎవరికైనా అమ్మారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా అమ్మకపు హక్కును హక్కుదారుకే కట్టబెట్టిన మాటలు 1994 సవరణతో చేరి, 1999 సవరణతో తొలగిపోయాయి. ఆ తొలగింపు పాత డిస్కుల అమ్మకానికి చట్టపరమైన ఊపిరి పోసింది.

నిర్మాణ సంస్థల వాదనలో కొంత న్యాయం లేకపోలేదు: పాత డిస్కు పదిమంది చేతులు మారినా ఆటను రూపొందించినవారికి పైసా రాదు. అయితే పాత ఆట అమ్మగా వచ్చిన డబ్బు కొత్త ఆటకో కొత్త యంత్రానికో పోతుందన్నదీ, తిరిగి అమ్ముకోవచ్చన్న ధీమాతోనే చాలామంది మొదటి ధర పెడతారన్నదీ ఆ వాదనలో కనిపించవు. పాత డిస్కు కొన్నవారు ఇంటర్నెట్‌లో ఆడటానికి విడిగా డబ్బు కట్టాలనే ఆన్‌లైన్ పాస్‌ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2010లో తెచ్చి 2013లో మానుకుంది. డిస్కును ఖాతాకు ముడివేసి, రోజుకొకసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలని తన ఆట యంత్రం ఎక్స్‌బాక్స్ వన్‌కు పెట్టిన నిబంధనను, ఆటగాళ్ల ఆగ్రహానికి జడిసి మైక్రోసాఫ్ట్ 2013 జూన్ 19న ఉపసంహరించుకుంది. బలవంతంగా చేయలేనిది మెల్లగా జరిగింది: 2024 నవంబరులో విదేశాల్లో విడుదలైన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్కు అర లేనే లేదు, కావాలంటే వేరుగా కొనాలి.

డిజిటల్ ఆట కొన్నప్పుడు చేతికి వచ్చేది ఆట కాదు, లైసెన్స్. అంటే నిబంధనలకు లోబడి వాడుకునేందుకు ఇచ్చే అనుమతి. దాన్ని అమ్మడానికీ, బదిలీ చేయడానికీ వీల్లేదని ఆ నిబంధనలే చెబుతాయి. కంప్యూటర్ ఆటల పెద్ద దుకాణమైన స్టీమ్‌లో కొన్న ఆటలను తిరిగి అమ్ముకునే హక్కు ఉందని పారిస్ న్యాయస్థానం 2019 సెప్టెంబరులో అన్నా, పైకోర్టు 2022లో ఆ తీర్పును కొట్టివేసింది. ఆట యంత్రం వదిలి కంప్యూటర్‌కు మారేవారు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కంప్యూటర్ ఆటలు ఇప్పుడు దాదాపు అన్నీ డిజిటల్‌గానే దొరుకుతాయి. కన్సోల్ డిస్కులు ఇచ్చిన రాబడి ఇకపై కంప్యూటర్ ఆటల నుంచి రాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి ఒక చట్టాన్ని అమలు చేస్తోంది. అమ్మేది లైసెన్స్ మాత్రమే అయినప్పుడు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాటను డిజిటల్ దుకాణాలు వాడకూడదని దాని సారాంశం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మన దేశంలోనూ ఇటువంటి నిబంధన తేవాలి, తెలుగుతో సహా కొనుగోలుదారుకు అర్థమయ్యే భాషలో ఆ మాట తెర మీద కనిపించేలా చూడాలి. అది వచ్చేదాకా తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది: పిల్లలకు కన్సోల్ కొనేటప్పుడు డిస్కు అర ఉన్నదాన్నే కొనండి, ఆటలను డిస్కు రూపంలోనే తీసుకోండి, బిల్లును అట్టపెట్టెలోనే దాచండి.